మోకాలు కొత్తదే... ఎముక పాతదే!

"మోకాళ్ళు మార్పించుకుందిగా, ఇంక ఆవిడకేం బెంగ!" గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు... ఎక్కడ నలుగురు ఆడవాళ్ళు చేరినా ఈ మాట వినిపిస్తోంది. 2000లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే, అదేదో గొప్పవాళ్ళ వైద్యం అనుకున్నాం. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ కీళ్ళ ధరలకు కళ్ళెం వేసింది. అంతకుముందు సగటున లక్షా 58 వేలు పలికిన కోబాల్ట్ క్రోమియం కీలు, పన్ను కాక 54,720 రూపాయలకు దిగింది. మిర్చి అమ్మిన డబ్బుతో అమ్మకు మోకాళ్ళు చేయించిన పిల్లలు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నారు. సంతోషమే.

కానీ కొత్త కీలు పక్కనే ఎముక విరిగితే? నూటికి ఇద్దరు ముగ్గురికి మించి ఇలా జరగదు. జరిగినవాళ్ళలో మాత్రం ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్ళే.

"చిప్ప మార్చారు" అంటాం గానీ, అసలు చేసేది వేరు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పైభాగం చెక్కి లోహపు తొడుగులు అమరుస్తారు. లోహం గట్టిది. దాన్ని ఆనుకున్న ఎముక గుల్లబారి ఉంటే, పడ్డప్పుడు దెబ్బంతా అక్కడే తగులుతుంది. మోకాలికి కాస్త పైన తొడ ఎముక విరుగుతుంది. లారీ గుద్దక్కర్లేదు, స్నానాలగదిలో కాలు జారితే చాలు.

మన ఎముకలు ఎందుకు గుల్లబారవు చెప్పండి? పాలన్నీ కేంద్రానికి పోసి, తను పల్చటి మజ్జిగతో సరిపెట్టుకునే ఇల్లాలు మనకు కొత్తా? ముట్లుడిగాక ఎముక బలం వేగంగా తగ్గుతుంది. పత్తి తీసి, మిరపకాయలు కోసి, మోకాళ్ళు పట్టేస్తే "సూది వేయించుకుంటే పోతుందిలే" అంటూ ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్ళూ ఉన్నారు. అవీ ఎముకను తినేస్తాయి. కనిగిరి, పొదిలి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. అలాంటి ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది.

నాకు బాధనిపించేది ఇక్కడే. ఏ కంపెనీ కీలు, ఎన్నేళ్ళు వస్తుంది అని పదిమందిని అడుగుతాం. దాన్ని మోయాల్సిన ఎముక ఎలా ఉందని అడగం. ఆపరేషన్‌కు ముందే ఎముక సాంద్రత పరీక్ష, డి విటమిన్ పరీక్ష చేయమని డాక్టరుగారిని అడగాలి. గుల్లతనం బయటపడితే దానికి మందులున్నాయి. విరిగాక చేసే ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం. అప్పుడు వేసే ప్లేట్లు, రాడ్లు 2017 నాటి ఆ ధరల ఉత్తర్వులో లేవు.

ఇంకోటి. "అత్తయ్యకు మోకాళ్ళు బాగయ్యాయిగా" అని మూడోనెలకే డాబా మీద మిరపకాయలు ఎండబెట్టడానికి పంపించే ఇళ్ళున్నాయి! నడక మంచిదే, కానీ పిట్టగోడ లేని మెట్లు, తడి బండలు ఆవిడకు శత్రువులు. మరుగుదొడ్డిలో పట్టుకోను ఒక కమ్మీ బిగించడానికి ఎంతవుతుంది?

పడ్డాక మోకాలి పైన వాచి, కాలు మోపలేకపోతే నడిపించకండి. మర్దనాలు, నాటు కట్లు వద్దు. కాలు కదలకుండా పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు మొదటి ఆపరేషన్ కాగితాలు మర్చిపోవద్దు. లోపల ఉన్నది ఏ కీలో, ఏ సైజో వాటిని చూస్తేనే తెలుస్తుంది. ఆ కాగితాలు పొలం దస్తావేజులున్న బీరువాలోనే పెట్టుకోండి.