తంతియు తరంగమును: ముడి యెవరిచేత?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట రైతులకు కాలువ తత్త్వమును ఎవరును బోధింపనక్కఱలేదు. నాగార్జునసాగరము ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మము సీమలను దాటివచ్చి, తన చివరి భాగమున ఈ ప్రాంతమును తడుపును. 1955 డిసెంబరు 10వ తేదీన ఆ ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది. దానికై పాటుపడిన వారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు అగ్రగణ్యులు. అయితే కాలువ త్రవ్వుట యొక ఘట్టము. కట్టకడపటి పొలమునకు నీరు చేరుట మఱియొక ఘట్టము. పైనున్న తూము ఎవరి చేతిలో నున్నదో, వారి దయపై చివరి రైతు ఆధారపడవలసి యుండును. ఈ పాఠమును నేడు వేఱొక కాలువ విషయమున మనము స్మరింపవలసియున్నది. ఆ కాలువలో పాఱునది నీరు గాదు. మాట, వార్త, విద్య, ధనము.

నిన్నటివఱకు ఇంటి టెలిఫోను తీగ వేఱు, చేతిలోని మొబైలు వేఱు, గోడకు తగిలించిన వైఫై పెట్టె వేఱు. నేడు మూడును ఏకమగుచున్నవి. టవరు తనంత తాను నడచు స్వతంత్ర వస్తువని పలువురు తలంతురు. అది సరికాదు. టవరునుండి చేతి ఫోను వఱకే తరంగము. టవరు వెనుక నున్నది గాజు తీగ, అనగా ఫైబరు, లేక కొన్నియెడల మైక్రోవేవ్ లంకె. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో, వైఫై మీదుగా సాధారణ టెలిఫోను సంభాషణ సాగు ఏర్పాటును ప్రవేశపెట్టినవి. ఇంటిలో మొదలైన సంభాషణ వీధిలోనికి నడచినను తెగక, వైఫై నుండి టవరునకు మాఱగలదు. 2023లో ఆ రెండు సంస్థలే తీగతో పనిలేక 5జి తరంగము ద్వారా ఇంటికి ఇంటర్నెట్టు నందించు ఎయిర్‌ఫైబరు సేవల నారంభించినవి. దారులు మూడు, సంస్థ యొక్కటి, బిల్లు నొక్కటియే.

ఇది మేలు గాదని మేమనము. స్లాబు ఇంటిలో సిగ్నలు అందక మేడ యెక్కి కేకలు వేయువానికి వైఫై ఫోను వరమే. పత్తి, మిరప ధర లరయు రైతునకు, పరీక్షకు దరఖాస్తు పెట్టుకొను బాలికకు, అర్ధరాత్రి 108కి ఫోను చేయు ఇల్లాలికి, ఏ దారి తెఱచియున్నదో ఆ దారిన మాటను చేర్చు వ్యవస్థకంటె ఉపకారకమైన దేమి కలదు? విజ్ఞానమును ద్వేషించుట దేశభక్తి గాదు.

మా ప్రశ్న వేఱు. వలలు ఏకమగుట యొకటి, వాని యజమానులు ఏకమగుట మఱియొకటి. దేశమున మొబైలు చందాదారులలో నూటికి డెబ్బదిమందికి పైగా జియో, ఎయిర్‌టెల్ సంస్థల వారే. ఇంటి తీగలోను అగ్రస్థానములు వానివే. నంబరు మార్చుకొనకయే సంస్థను మార్చుకొను హక్కు 2011 జనవరి 20వ తేదీన దేశమంతటను అమలునకు వచ్చినది. కాని మొబైలు, ఇంటి ఇంటర్నెట్టు, టెలివిజను ఒకే మోపుగా కట్టి యిచ్చిన పిమ్మట, ఒకదానిని విడువవలెనన్న మూడింటిని కదల్పవలసివచ్చు గృహస్థునకు ఆ హక్కు కాగితముపైననే మిగులును.

ప్రజాధనముతో వేసిన తీగ మనకు లేకపోలేదు. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబరునెట్టును జాతి కంకితము చేసిరి. విద్యుత్ స్తంభములనే ఆధారముగా గొని సుమారు 24,000 కిలోమీటర్ల తీగ సాగినది. ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును కలిపి నెలకు 149 రూపాయలని నాడు ప్రకటించిరి. అనంతరము ఆ ధర పెరిగినది. సంస్థ రాజకీయ వివాదములలో చిక్కినది. ఆ వివాదముల తీర్పు న్యాయస్థానములది. మేము చూచునది దానిలోని మూలసూత్రమును: తీగ ప్రజలది, దానిని గడపకు చేర్చువాడు ఊరి కేబులు ఆపరేటరు. ఈ సూత్రము నీరసించిన కొలది తూము పరుల చేతికి పోవును.

వైఫై కథయు నట్టిదే. చిల్లరకొట్టువాడు, కాఫీ హోటలువాడు లైసెన్సు రుసుము లేకయే తన గుమ్మమున ప్రజలకు వైఫై నమ్ముకొనవచ్చునని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము పి.ఎమ్. వాణి పథకము నామోదించినది. అంతకుముందు 2018 నాటి జాతీయ విధానము 2022 నాటికి కోటి వైఫై కేంద్రములని లక్ష్యము పెట్టినది. ఆ లక్ష్యము చేరువకైనను పోలేదు. కారణములలో నొకటి స్పష్టము: ఇంటికి చవుకగా ఇచ్చు తీగను చిఱు వ్యాపారికి పెద్ద ధర కమ్ముట. తుదకు 2025 జూనులో ట్రాయ్ కలుగజేసికొని, ఇంటి చందాకు రెట్టింపునకు మించరాదని కట్టడి చేసినది.

ఇంకను గుర్తింపవలసిన ప్రమాద మొకటి కలదు. మూడు సేవలును ఒకే తీగపై నడచినపుడు ఒక్క తెగుటతో మూడు నోళ్లును మూతపడును. తూర్పున మున్నేరు, పడమట పాలేరు: ఈ రెండు ఏళ్ల నడుమనున్న సీమ మనది. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరు ఆరంభమునను మున్నేరు ఐతవరముకడ రహదారిపై పాఱి రాకపోకలను స్తంభింపజేసినది. అట్టి రాత్రి మాటయు తెగినచో గతి యేమి? 2023 జూనులో గుజరాతుపై బిపర్జాయ్ తుపాను వచ్చినపుడు, ఏ సంస్థ చందాదారుడైనను అందిన ఏ సంస్థ టవరునుండియైనను మాటాడునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేసినది. కావున వలలను ప్రజలకై కలుపుట అసాధ్యము గాదు. ఆపదలో సాధ్యమైన దానికి ఆపద రాకముందే నియమము లేకపోవుట యెందులకు?

కావున మేము కోరునది మూడు విషయములు. మోపుగా అమ్మిన సేవలలో దేనినైనను విడిగా విడుచుకొను హక్కు చందాదారునకు స్పష్టముగా నుండవలయును. ప్రజాధనముతో వేసిన తీగపై చిన్న ఆపరేటరునకును పెద్ద సంస్థకును ఒకే ధర, ఒకే మర్యాద జరుగవలయును. ఈవల ఫైబరునెట్, ఆవల తెలంగాణ వారి టి-ఫైబరు, గరికపాడు ఎల్లకడ పరస్పరము ఆదుకొనునట్లు ఏర్పాటు కావలయును. తరంగమునకు లేని చెక్‌పోస్టు ప్రజల తీగకు మాత్ర మేల?

1885 నాటి తంతి చట్టము స్థానమున 2023లో నూతన చట్టము చేసికొంటిమి. పరపాలకుని చట్టమును తొలగించుట మంచిదే. కాని చట్టము మాఱినంతనే తూము మన చేతికి రాదు. కాలువ చివరనున్నవాడు మేల్కొనియున్న నాడే మొదటనున్నవాడు ధర్మమును పాటించును. మెట్ట సీమవారు ఈ సత్యమును నీటి విషయమున నేర్చిరి. మాట విషయమున మఱువకుందురు గాక.