కొండా మనదే, కడలీ మనదే - ముందు ఈత నేర్చుకుందాం

హాస్టల్ పిల్లలకు సెలవులంటే ఏమిటి? ట్రంకు పెట్టెకు తాళం వేయడం, సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడవడం, ఇంటికి చేరి పత్తి ఏరడానికో, మిరపకాయలు కోయడానికో, మేస్త్రీ వెంట ఇటుకలు మోయడానికో పోవడం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ కూలి డబ్బులతోనే మనలో చాలామందిమి గైడ్లు, చెప్పులు కొనుక్కున్నాం. అయితే సెలవు అనే మాటకు మరో అర్థం కూడా ఉంది. కొత్త చోటు చూడటం, ఒళ్ళు అలిసేలా తిరగడం, చేతగాని పని ఒకటి నేర్చుకుని రావడం. ఆ అర్థం మన దాకా రాలేదు. మన దాకా రానివ్వలేదు అన్నా తప్పు లేదు.

ఈ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థులుగా మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. వీపున సంచి తగిలించుకుని కొండలెక్కడం, సముద్రంలో దిగి స్కూబా డైవింగ్ నేర్చుకోవడం డబ్బున్నవాళ్ళ సరదా అని మనం వదిలేయకూడదు. అవి కూడా చదువే. మన పిల్లలకూ రావాలి. ఆ చదువుకు ఓనమాలు ఈత. ఆ ఓనమాలు దిద్దించాల్సింది ఈ హాస్టల్లోనే.

"తినే పప్పులో నీళ్ళెక్కువ, ఉండే గదికి తలుపు లేదు, వీళ్ళకు విహారయాత్రలట!" అని కొందరు నవ్వవచ్చు. వారికి జవాబు తరువాత చెబుతాం. ముందు ఈ యాత్ర ఎలా ఉంటుందో చూద్దాం. మాలో ఎనిమిదిమందిమి రెండేళ్ళు డబ్బు కూడబెట్టుకుని అండమాన్ వెళ్ళొచ్చాం కాబట్టి ఆ దారే చెబుతాం.

అండమాన్‌కు విమానమే దిక్కు అనుకోకండి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ప్రయాణికుల నౌకలున్నాయి. విశాఖ నుంచి తక్కువగా నడుస్తాయి, తేదీలు ముందే కనుక్కోవాలి. ప్రయాణం రెండున్నర నుంచి మూడు రోజులు. అన్నిటికంటే చౌక బంక్ క్లాసు. పెద్ద హాలు, ఒకదాని మీద ఒకటి పడకలు, అందరికీ కలిపి బాత్‌రూములు, పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడి తినడం. అలవాటు లేనివాళ్ళకు అది కష్టం. మనకు అది హాస్టలే! తక్కువ సామానుతో బతకడం, ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కోవడం, ఎంత గోలలోనైనా నిద్రపోవడం, ఉన్నది నలుగురూ పంచుకు తినడం - బ్యాక్‌ప్యాకింగ్ అని ఇంగ్లీషులో పెద్ద పేరు పెట్టిన ఈ విద్యలో సగం మనం ఆరో తరగతిలోనే పాసయ్యాం.

నౌక దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి బజారులో తెలుగు వినబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో పదిమందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. అక్కడి నుంచి ఉత్తరాన దిగ్లిపూర్ దగ్గర సాడిల్ పీక్ ఉంది. ఎత్తు 732 మీటర్లు, అండమాన్ దీవుల్లో ఎత్తయిన శిఖరం అదే. అటవీ శాఖ అనుమతి తీసుకుని పొద్దున్నే బయలుదేరాలి. మొదట సముద్రపు ఒడ్డునే నడక, తరువాత దట్టమైన అడవిలో ఎక్కుడు. రానూ పోనూ సుమారు 16 కిలోమీటర్లు. అలిపిరి మెట్ల దారిన తిరుమల కొండ ఎక్కినవాళ్ళు, శివరాత్రికి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం పోయినవాళ్ళు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. కనుక కొండ మనకు కొత్త కాదు. కొత్తదల్లా పద్ధతి: నీళ్ళు ఎన్ని మోయాలో లెక్క వేసుకోవడం, అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వేగమే జట్టు వేగమని ఒప్పుకోవడం, చీకటి పడక ముందే దిగాలని శిఖరం దగ్గరున్నా వెనక్కి తిరగగలగడం.

దిగ్లిపూర్‌కు రోడ్డు మీద పోతే దారి జారవా తెగ రక్షిత అడవి గుండా పోతుంది. అక్కడ వాహనాలను గుంపుగా, కాపలాతో పంపుతారు. ఆగడం, ఫోటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నిషేధం. ఈ నిషేధం గురించి మన హాస్టల్ పిల్లలకు ఎక్కువ చెప్పనక్కరలేదు. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు మనం తింటుంటే చుట్టూ నిలబడి చూసినప్పుడు ముద్ద ఎలా దిగదో మనకు తెలుసు. మనుషులను చూడటానికి పోయేది యాత్ర కాదు. ఇష్టం లేనివాళ్ళు సముద్ర మార్గంలో పడవల మీద కూడా ఉత్తరానికి పోవచ్చు.

కొండ తరువాత కడలి. స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హేవ్‌లాక్) స్కూబా నేర్పే కేంద్రాలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈత రానివాళ్ళను కూడా శిక్షకుడు వెనక నుంచి పట్టుకుని కాసేపు నీటి అడుగుకు తీసుకెళ్ళి, చేపలు చూపించి, ఫోటో తీసి పంపిస్తాడు. అది చూసిరావడం. నేర్చుకోవడం వేరు. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు మూడు నాలుగు రోజులు ఉంటుంది. చేరాలంటే పదేళ్ళు నిండి ఉండాలి. పాఠాలు, పరీక్ష, లోతులేని నీటిలో సాధన, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు. పాసైన పెద్దవాళ్ళు 18 మీటర్ల లోతు వరకు తోడుతో దిగవచ్చు. పాస్ కావాలంటే మాత్రం ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలాలి.

ఇంటర్ చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పరీక్ష కోసం బట్టీ పట్టిన బాయిల్ సూత్రం గుర్తుందా? అది సముద్రంలో ప్రాణం కాపాడే సూత్రం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. పది మీటర్ల అడుగున పీల్చిన నిండు ఊపిరిని బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరుగుతాయి. అందుకే స్కూబాలో మొదటి నియమం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు. హెన్రీ సూత్రం కూడా అక్కడే ఉంది. ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్, గబగబా పైకి వస్తే సోడా బుడ్డి మూత తీసినట్టు బుడగలు కడుతుంది. అందుకని నెమ్మదిగా రావాలి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. డైవింగ్ ముగిశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, కొండ ఎక్కకూడదు. కాబట్టి మన యాత్రలో కొండ ముందు, కడలి వెనుక. తిరుగు ప్రయాణం నౌకలో అయితే ఆ విమానం చింతే లేదు. చౌక ప్రయాణం ఇక్కడ క్షేమమైన ప్రయాణం కూడా అయింది.

నీటి అడుగున మాట్లాడలేం. చేతి సైగలే భాష. బొటనవేలు పైకి చూపితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం. ప్రతివారికీ ఒక జంట ఉంటారు. దిగే ముందు ఒకరి సిలిండరు ఒకరు పరీక్షించాలి. ఒకరి గాలి అయిపోతే రెండోవాళ్ళు తమ దగ్గరున్న అదనపు గొట్టం అందించాలి. ఒకే పళ్ళెంలో ఇద్దరు తిన్న మన హాస్టల్ స్నేహానికి ఇంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది?

ఇక అసలు విషయం. మా ఎనిమిదిమందిలో ఆ కోర్సులో చేరగలిగింది ముగ్గురే. డబ్బు లేక కాదు, మిగతా అయిదుగురికి ఈత రాక. ఈత వచ్చిన ముగ్గురూ కాలువ పక్క ఊళ్ళలో పుట్టిన మగవాళ్ళు. మాతో వచ్చిన ఇద్దరు చెల్లెళ్ళకూ రాదు. డిగ్రీలున్నాయి, ఉద్యోగాలున్నాయి, ధైర్యం ఉంది, నీళ్ళలో కాలు పెట్టే అవకాశం మాత్రం చిన్నప్పుడు దొరకలేదు. ఇది ఆ అయిదుగురి లోపం అనుకుంటే పొరపాటు.

మన పెద్దలను ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు. చెరువులో దిగనివ్వలేదు. దూరంగా నిలబడి దోసిలి పట్టి పోయించుకున్న తరాలు మనవి. 1927 మార్చి 20న మహద్‌లో డాక్టర్ అంబేడ్కర్ వేలాదిమందితో నడిచి వెళ్ళి చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తరువాత వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరు పెట్టి మరీ అందరివీ అని రాసింది. తాగే హక్కు వచ్చింది. ఈదే అలవాటు ఇంకా రాలేదు. తాతకు రానిది తండ్రికి నేర్పలేడు, తండ్రికి రానిది బిడ్డకు నేర్పలేడు. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచాలి. అందుకు హాస్టల్ కంటే తగిన చోటు లేదు.

ఇప్పుడు నవ్వేవారికి జవాబు. గదికి తలుపు అడగడం మానమని మేము అనలేదు. మెస్ చార్జీల కోసం ధర్నా చేసిన చేతులే ఇది రాస్తున్నాయి. తలుపూ కావాలి, పప్పూ కావాలి, ఈతా కావాలి. అన్నం దొరికితే చాలు, ఆనందం ఎందుకు అని మనకు మనమే అనుకోవడం అన్నిటికంటే పెద్ద పేదరికం.

"ప్రమాదం కదా, ఏదైనా అయితే ఎవరిది బాధ్యత?" అని వార్డెన్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రతి వేసవిలో చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. వాళ్ళను ఎవరూ డైవింగ్‌కు తీసుకెళ్ళలేదు. ఈత నేర్పకపోవడం వల్ల పిల్లలు నీటికి దూరం కారు. నేర్పేవాడు లేకుండా నీటిలో దిగుతారు, అంతే.

"మనవాళ్ళకు అవుతుందా?" అనేవారికి 2014 మే 25 ఒక్కటి చాలు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ రోజు ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి కొండ మీద రాళ్ళెక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది వెళ్ళిన పిల్లలు వాళ్ళు. అందరం ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. వాళ్ళు దొరికిన శిక్షణను వాడుకున్నారు. శిక్షణ దొరకని పిల్లల్లో ఎందరు పూర్ణలున్నారో లెక్క పెట్టేదెవరు?

మేము అడిగేవి పెద్ద కోర్కెలు కావు. ఒకటి, పదో తరగతి దాటేలోగా ఆడా మగా తేడా లేకుండా ప్రతి విద్యార్థికీ ఈత రావాలి. స్విమ్మింగ్ పూల్ ఉన్న పట్టణాల్లో వారానికి ఒక పూట, శిక్షకుడి సమక్షంలో నేర్పించమని అధికారులను కోరదాం. ఆడపిల్లలకు మహిళా శిక్షకురాలు ఉండాలి. రెండు, ఏటా ఒక కొండ నడక. భువనగిరి కావచ్చు, అరకు కావచ్చు, మన ఊరి వెనక గుట్ట కావచ్చు. మూడు, వీపు సంచులు, రెయిన్‌కోట్లు, టార్చిలైట్లు పూర్వ విద్యార్థులం కొని హాస్టల్ లైబ్రరీలో పెడతాం. పుస్తకంలాగే సంతకం చేసి తీసుకెళ్ళి తిరిగి ఇవ్వాలి. నాలుగు, స్కూబా కోర్సు ఖర్చు ఇరవై వేలు దాటుతుంది. అది ఒక్కరి వల్ల కాదు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం నెలకు కొంత వేసుకుంటే ఈత పరీక్షలో నెగ్గిన ఇద్దరిని, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఏటా పంపవచ్చు. విశాఖ రుషికొండలో కూడా నేర్పేవాళ్ళున్నారు కనుక మొదట అక్కడికే పంపినా సరే.

వెళ్ళేవారికి ఒక మాట. పగడాలు రాళ్ళు కావు, ప్రాణులు. తాకితే చస్తాయి. విరిచి తేవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొండ మీద ప్లాస్టిక్ పారేయకండి. మన తరువాత వచ్చేవాళ్ళకు అవి మిగలాలి.

మిత్రులారా! ఒడ్డున కూర్చున్నవాడికి లోతు తెలియదు. వచ్చే ఏడు ఈ సంచికలో పదో తరగతి ర్యాంకుల జాబితా పక్కన ఇంకో జాబితా అచ్చు వేద్దాం: ఈ ఏడాది మన హాస్టల్లో 200 మీటర్లు ఈదినవారి పేర్లు. మొదటి ఏడు పది పేర్లున్నా చాలు. అందులో అయిదు ఆడపిల్లల పేర్లు ఉండాలి.