పుల్లకు గుచ్చిన ఫలహారం: దొనోస్తియాలో మన పళ్ళెంలోకి వచ్చేవి

స్పెయిన్ ఉత్తర తీరాన, ఫ్రాన్స్ సరిహద్దుకు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నగరానికి రెండు పేర్లు. స్పానిష్ వారు సాన్ సెబాస్టియన్ అంటారు. ఆ నేలకు చెందిన బాస్క్ ప్రజలు దొనోస్తియా అంటారు. చిరుతిండికి ఐరోపా అంతటా పేరుపడ్డ ఊరు అది. ఆ చిరుతిండి పేరు పించో. స్పానిష్ భాషలో 'పించార్' అంటే గుచ్చడం. చిన్న రొట్టెముక్క మీద చేపో, గుడ్డో, మిరపకాయో పెట్టి పుల్లతో గుచ్చి ఇస్తారు గనుక ఆ పేరు వచ్చింది. చిక్కంతా అవి దొరికే చోటులోనే ఉంది. పించోలు అమ్మేది బార్లలో.

తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి ఇంటికి మే నెలలో వెళ్ళినప్పుడు, అక్కడి నుండి మూడు రోజులు దొనోస్తియాలో గడపాలని అనుకున్నాం. సరిహద్దు ఊరైన హెండాయ్‌లో చిన్న రైలెక్కితే ముప్పావు గంటలోపే నగరం వస్తుంది. మా వెంట ఇద్దరు పిల్లలూ, వారి దాదీ ఉన్నారు. బయలుదేరే ముందే పిల్లలు ఫోన్లలో బొమ్మలు చూసి ఏమేమి తినాలో జాబితా రాసుకున్నారు. దాదీ ఆ జాబితా అంతా ఓపికగా విని ఒక్కటే మాట అన్నారు: "చేప ఎవరు వండినా చేపే, బేటా. కాని సారా పోసే చోట నేను కూర్చోను. మీరు వెళ్ళి రండి, నేను సముద్రం చూస్తాను."

ఆమె మాటలో మొండితనం లేదు. మద్యం వడ్డించే భోజనపు బల్ల వద్ద విశ్వాసి కూర్చోరాదని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారించినట్టు హదీసు గ్రంథాల్లో ఉన్న సంగతి మనకు తెలిసిందే. అయితే మూడు తరాల కుటుంబం కలిసి ప్రయాణిస్తూ, ఇంటి పెద్దను గోడ మీద కూర్చోబెట్టి మిగిలినవారు లోపలికి వెళ్ళి తినడం ఏ మర్యాద? మొదటి సాయంత్రం పాతపట్నం సందుల్లో అటూ ఇటూ తిరిగాం. ప్రతి గడప ముందూ గాజు గ్లాసులతో నిలబడ్డ జనం. లోపల పైకప్పు నుండి వేలాడుతున్న పంది తొడలు. చివరకు ఎక్కడా అడుగుపెట్టకుండా గదికి వచ్చి, తులూజ్ నుండి తెచ్చుకున్న చపాతీలు తిన్నాం. పిల్లలు మాట్లాడలేదు.

మరునాటి ఉదయం మా ఆలోచన మారింది. ఊరంతా అదే, గడియారం మాత్రం వేరు. స్పెయిన్‌లో బార్ అంటే మన దగ్గరి బార్ వంటిది కాదు. పొద్దున్న అది కాఫీ హోటలు. పదీ పదకొండు గంటల మధ్య ఆఫీసు ఉద్యోగులు, బడికి పిల్లలను దించి వచ్చిన తల్లులు, చేతికర్ర పట్టుకున్న ముసలివారు కాఫీ, నారింజ రసం, ఒక ముక్క తోర్తీయా తీసుకుని కూర్చుంటారు. తోర్తీయా అంటే బంగాళాదుంప, గుడ్డు, ఆలివ్ నూనె, ఉప్పు, ఒక్కోచోట ఉల్లిపాయ కూడా వేసి చేసే మందపాటి అట్టు. ఉరుమేయా నదికి అవతల ఉన్న గ్రోస్ ప్రాంతంలో సబలేతా అనే చిన్న బార్ ఈ అట్టుకు ప్రసిద్ధి. లోపల కాస్త జారుగా ఉంటుంది. మన ఆమ్లెట్‌కు అలవాటుపడిన నాలుకకు మొదట వింతగా తోచినా రెండో ముద్దకు నచ్చుతుంది. దాదీ గడప దగ్గర నిలబడి లోపల చుట్టూ ఒకసారి చూశారు. కాఫీ కప్పులే కనిపించాయి. వచ్చి కూర్చున్నారు.

ఈ విషయంలో అందరి ఇళ్ళలో నిర్ణయం ఒకేలా ఉండదని మాకు తెలుసు. వెనుక అరలో సీసాలున్న ఏ చోటికీ వెళ్ళనివారు ఉన్నారు, వారిది మరింత జాగ్రత్త. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నడుచుకోండి. మా మట్టుకు మేము పగటి వేళకే పరిమితమయ్యాం. మధ్యాహ్నం తరువాత కావలసినవి పొట్లం కట్టించుకుని సముద్రపు గోడ మీద కూర్చుని తిన్నాం. 'పారా యెవార్' అంటే చాలు, పొట్లం కడతారు.

ఇంకొక అనుకూలం కూడా ఉంది. లండన్ రేఖాంశం పక్కనే ఉన్నా స్పెయిన్ గడియారం మధ్య ఐరోపా సమయాన్ని పాటిస్తుంది. అందువల్ల మే నెలాఖరులో జుహర్ వేళ మధ్యాహ్నం రెండు దాటాకగాని రాదు, సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర దాటాకే. ఉదయపు ఫలహారానికీ నమాజుకూ మధ్య తొందర ఉండదు.

ఇక ఏమి తినవచ్చు? మాంసం సంగతి ఒక్క మాటలో తేల్చుదాం: వదిలేయండి. ఎద్దు మాంసమైనా, దూడ చెంప మాంసమైనా జబీహా కాదు, పైగా చాలాచోట్ల ద్రాక్షసారాయిలో ఉడికిస్తారు. చేపకు జబహ్ అవసరం లేదు గనుక బాస్క్ తీరం మనకు పెద్ద వరమే.

ఆ తీరపు రాణి 'అంచోవా'. పేరు విని కొత్త చేప అనుకోకండి, అవి మన నెత్తళ్ళ జాతివే. మా బాపట్ల వైపు నెత్తళ్ళను ఎండబెట్టి పులుసు పెడతారు, వేపుడు చేస్తారు. బాస్క్ వారు రెండు పద్ధతుల్లో నిల్వ చేస్తారు. ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి ముళ్ళు తీసి నూనెలో ఉంచేది ఒకటి. వినెగర్‌లో తెల్లగా ఊరబెట్టేది మరొకటి. ఉప్పు పద్ధతిని పందొమ్మిదో శతాబ్దం చివర ఇటలీ నుండి వచ్చిన వ్యాపారులు ఈ తీరానికి నేర్పారు. చేప తరిగిపోవడంతో 2005లో బిస్కే అఖాతంలో నెత్తళ్ళ వేటను నిలిపివేశారు. తిరిగి 2010లోగాని అనుమతించలేదు. సముద్రానికి ఆ మాత్రం విశ్రాంతి ఇచ్చారు కాబట్టే ఈ రోజు ఆ చేప బల్ల మీద ఉంది. మన తీరంలో వేట విరామం అనగానే గొణిగేవారికి ఈ సంగతి చెప్పాలి.

పాతపట్నంలో పెస్కదెరియా వీధిలో చెపెచా అనే బార్ దాదాపు ఈ ఒక్క చేపకే అంకితమైంది. వినెగర్‌లో ఊరిన నెత్తళ్ళను కాల్చిన రొట్టె మీద పరచి, పైన రకరకాల అలంకారాలు చేస్తారు. సన్నగా తరిగిన ఉల్లి, మిరప ముక్కలు వేసిన 'హార్దినేరా' మాకు బాగా నచ్చింది. ఆలివ్ ముద్ద రాసినది కూడా బాగుంటుంది. పీత మీగడ వేసినది అక్కడ ఎక్కువ ప్రసిద్ధం. హనఫీ ఫిఖ్హ్‌ను పాటించే మా ఇంట్లో పీత తినరు గనుక దాన్ని చూసి వదిలేశాం. అదే కారణంగా ఆక్టోపస్, నల్లని సిరాలో వండే స్క్విడ్ కూడా మాకు లేవు. ఆక్టోపస్, స్క్విడ్ విషయంలో షాఫయీ సోదరులకు ఈ ఇబ్బంది లేదు. రొయ్య విషయంలో హనఫీ ఉలమాల మధ్యనే భేదాభిప్రాయం ఉంది. మన ఇళ్ళలో చాలామంది తింటారు. తినేవారికి ఫెర్మిన్ కల్బెతోన్ వీధిలోని గోయిస్ ఆర్గిలో రొయ్యలను పుల్లకు గుచ్చి పెనం మీద కాల్చి, పైన పుల్లటి కూరగాయల తురుము వేసి ఇస్తారు.

వినెగర్ ద్రాక్షసారాయి నుండి చేసినదే కదా అని మా పెద్దబ్బాయి అడిగాడు. సారాయి గుణం మారి వినెగర్ అయ్యాక అది ధర్మసమ్మతమేనని హనఫీ ధర్మవేత్తల మాట. మనిషి కావాలని మార్చితే చెల్లదని, తనంతట తానే మారితేనే చెల్లుతుందని చెప్పిన ఇమాములూ ఉన్నారు. వినెగర్‌ను మంచి వ్యంజనమని ప్రవక్త (సఅసం) మెచ్చుకున్న విషయం దాదీ గుర్తుచేశారు.

పించోలన్నిటిలోకీ పాతది, చవకైనది, మాకు అన్నిటికన్నా నచ్చినది గిల్డా. అక్కడివారు 'హిల్దా' అని పలుకుతారు. ఒక పుల్లకు ఒక ఆలివ్ కాయ, ఒక ఉప్పునెత్తళ్ళ ముక్క, ఇబార్రా ఊరి సన్నని పచ్చిమిరపకాయలు. రొట్టె కూడా ఉండదు. కెథడ్రల్ దగ్గరి కాసా వాయెస్‌లో 1940లలో పుట్టిందని చెబుతారు. 1946లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా కథానాయిక పేరు పెట్టారు. పేరుతో మనకేమి పని, రుచి చూడండి. ఉప్పు, పులుపు, కాస్త కారం. మన ఊరగాయ తిన్న నోటికి మరేదీ ఇంత దగ్గరగా తోచదు.

ఆ పుల్ల మీద మన చరిత్ర కూడా కొంత ఉంది. ఆలివ్ కాయను స్పానిష్‌లో 'అథెయితూనా' అంటారు. అరబీ 'అజ్జైతూన' నుండి వచ్చింది. నూనె 'అథెయితే', అరబీ 'అజ్జైత్'. చేపను వినెగర్‌లో ఊరబెట్టే 'ఎస్కబేచే' పద్ధతి పేరు అరబ్బుల 'సిక్బాజ్' నుండి వచ్చిందే. ఈ తీరం అందలుస్ పాలనలో స్థిరంగా ఎన్నడూ లేదు. కాని దక్షిణాన ఎబ్రో లోయలో తొమ్మిదో శతాబ్దంలో పాలించిన బనూ ఖసీ వంశపు మూసా ఇబ్న్ మూసా, పాంప్లోనా తొలి రాజు ఇనీగో అరిస్తా ఒకే తల్లి బిడ్డలు.

పెస్కదెరియా వీధిలోనే నెస్తోర్ అనే బార్ ఉంది. రోజుకు రెండే రెండు తోర్తీయాలు చేస్తారు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ముందుగా వెళ్ళి పేరు చెప్పుకుంటేనే ముక్క దక్కుతుంది. మాకు దక్కలేదు. ఆలివ్ నూనె, ఉప్పు చల్లిన టమాటా ముక్కలు మాత్రం దొరికాయి. టమాటాకు ఇంత రుచి ఉంటుందని మేము మరచిపోయాం. గన్బారాలో అడవి పుట్టగొడుగులు, మధ్యలో గుడ్డుసొన, చాలా ఖరీదు. 31 ఆగస్టు అనే పేరుగల వీధి, 1813లో అదే తేదీన సైన్యాలు నగరాన్ని దోచి తగలబెట్టినప్పుడు మిగిలిన వీధి. అక్కడి లా వీన్యాలో 1990 ప్రాంతంలో సాంతియాగో రివేరా తయారుచేసిన మాడ్చిన చీజ్‌కేక్ ఇప్పుడు హైదరాబాదు కేఫుల్లోనూ 'బాస్క్ చీజ్‌కేక్' పేరుతో అమ్ముతున్నారు. ఓవెన్‌లో కాల్చేది గనుక గట్టిపడడానికి జెలటిన్ అవసరం లేదు. జున్ను గడ్డకట్టించే రెనెట్ విషయంలో ఇమాం అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం సడలింపుగా ఉంది. దాన్ని అనుసరించని వారు మానుకోవచ్చు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పాలి. ఒకచోట 'సిన్ కార్నే', అంటే మాంసం లేకుండా, అని అడిగి పుట్టగొడుగుల క్రొకేత తీసుకున్నాం. చిన్నది రెండోసారి కొరికాక లోపల ఎర్రని తునకలు కనిపించాయి, పంది తొడ ముక్కలు. అడిగితే ఆ మనిషి నిజంగానే ఆశ్చర్యపోయాడు. అక్కడివారి దృష్టిలో 'కార్నే' అంటే పచ్చి మాంసం. 'హామోన్' అంటే వేరే వస్తువు! పాప ఉమ్మేసి, నోరు కడుక్కుని ఏడ్చింది. తెలియక జరిగినదానికి అల్లాహ్ పట్టడని దాదీ ఎంత చెప్పినా ఆ రోజంతా మరేమీ తినలేదు. అప్పటి నుండి మేము 'సిన్ థెర్దో, సిన్ హామోన్, సిన్ వీనో' అని మూడు మాటలూ విడివిడిగా అడిగాం. మిఠాయిల్లో 'మంతేకా', అంటే పంది కొవ్వు, ఉందా అనీ అడగండి. నూనెలో వేయించిన వాటిని మానడమే మేలు; అన్నిటికీ అదే మూకుడు. పెనం మీద కాల్చేవాటికి కూడా శుభ్రమైన పెనం అడగాలి. 'సాల్సా వెర్దే' అనే పచ్చరసంలో వండిన చేపలో తెల్ల సారాయి పోస్తారు.

పానీయాల్లోనూ చూసుకోవాలి. 'సాగార్దోవా' అంటే ఆపిల్ రసం కాదు, పులియబెట్టిన సారా. 'మోస్తో' పులియని ద్రాక్షరసమే, నిషిద్ధం కాదు. కాని సారాయి గ్లాసులోనే పోసి ఇస్తారు. పిల్లల చేతుల్లో ఆ గ్లాసు మాకు నచ్చలేదు. నారింజ రసం అంతటా దొరుకుతుంది.

పాత పద్ధతి పాటించే బార్లలో పించోలను ఎవరికి వారే తీసుకుని తింటారు, చివర ఎన్ని తిన్నారో తామే చెప్పి డబ్బిస్తారు. ఎవరూ లెక్క చూడరు. బయలుదేరే రోజు ఉదయం అలాంటి ఒక చోట తొమ్మిది అని చెప్పి డబ్బు కట్టి బయటికి వచ్చాం. రైలు స్టేషన్ దారిలో దాదీ తన రుమాలు విప్పారు. అందులో పుల్లలు దాచుకున్నారు, లెక్క కోసం. పది ఉన్నాయి. పెద్దబ్బాయి వెనక్కి పరుగెత్తాడు; మేము ఒక రైలు వదులుకున్నాం.

ఆ ఎదురుచూపులోనే స్టేషన్ పక్క కొట్టులో ఇబార్రా మిరపకాయల సీసా ఒకటి కొన్నాం. ఇప్పుడది మా వంటింటి అరలో సగానికి వచ్చింది. ముద్దపప్పు, నెయ్యి, వేయించిన ఎండు నెత్తళ్ళు, పక్కన ఆ మిరపకాయ రెండు. దాదీ శుక్రవారాల్లోనే తీయనిస్తున్నారు.