గ్రహణం వేళ నిలబడే రోకలి, దాహంతో పడుకునే గర్భిణి

గ్రహణం వచ్చిందంటే తెలుగు ఇళ్ళలో ఫోన్లకు తీరిక ఉండదు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, కాస్త పసుపు, కుంకుమ కలిపి, మధ్యలో రోకలి నిలబెడతారు. మెల్లగా చేయి తీస్తారు. రోకలి పడిపోదు. చుట్టూ చేరినవాళ్ళు దండం పెడతారు, ఒకరు వీడియో తీస్తారు. పది నిమిషాల్లో అది మేనత్త కూతురి నుంచి దుబాయ్‌లో ఉన్న బాబాయి దాకా బంధువుల గ్రూపులన్నీ తిరిగొస్తుంది. సాయంత్రానికి లోకల్ ఛానెల్లో అదే వార్త అవుతుంది. "మీ సైన్సు దీనికేమంటుంది?" అని మరుసటి రోజు పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరో ఒకరు అడుగుతారు.

ఆ వీడియో అబద్ధమని నేను అనను. రోకలి నిజంగానే నిలబడింది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. హేతువాదులం అని చెప్పుకునే మనలో కొందరు ఇక్కడ తొందరపడి అంతా బూటకం అనేస్తారు. దాంతో కళ్ళారా చూసినవాళ్ళు మన మాట వినడం మానేస్తారు. వాళ్ళను అడగాల్సింది ఒకే ఒక్క ప్రశ్న: నిన్న నిలబెట్టి చూశారా? గ్రహణం లేని మామూలు మంగళవారం నాడు, అదే రోకలిని, అదే పళ్ళెంలో, అంతే ఓపికగా నిలబెట్టి చూసిన ఇల్లు ఎంత వెతికినా దొరకదు. రోకలి ఏడాదంతా గోడ మూలకు ఆనించి ఉంటుంది. గ్రహణం నాడే దాన్ని నిటారుగా పెట్టే ప్రయత్నం జరుగుతుంది. ప్రయత్నించిన రోజే నిలబడుతుంది కాబట్టి, ఆ రోజుకే మహిమ అంటగడుతున్నాం.

రోకలి ఎందుకు నిలబడుతుందో లెక్క వేయడం కష్టమేమీ కాదు. మూడడుగుల రోకలి, అడుగున రెండంగుళాల వెడల్పు అనుకుందాం. దాని బరువు కేంద్రం సుమారు పద్దెనిమిది అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఆ కేంద్రం నుంచి నిలువుగా కిందికి గీసిన గీత రోకలి అడుగు దాటి బయటికి పోనంత వరకు రోకలి పడదు. ఈ కొలతలతో చూస్తే అది ఏ పక్కకైనా దాదాపు మూడు డిగ్రీలు ఒరిగినా నిలుస్తుంది. అడుగున ఇనుప పొన్ను ఉంటే బరువు కేంద్రం ఇంకా కిందికి దిగుతుంది, నిలబెట్టడం మరింత తేలికవుతుంది. అడుగు సమంగా ఉండాలి, నేల సమంగా ఉండాలి, చేయి వణకకుండా వదలాలి. భక్తితో, ఊపిరి బిగబట్టి పెట్టే చేయి మామూలు చేతికన్నా నిదానంగానే వదులుతుంది.

"సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వచ్చి లాగుతారు, అందుకే నిలబడుతుంది" అని విజ్ఞానం పేరుతో ఇంకో మాట తిరుగుతుంటుంది. ఇది విని చదువుకున్నవాళ్ళు కూడా తల ఊపుతారు. సూర్యుడు, చంద్రుడు కలిసి భూమి మీద ఒక వస్తువు బరువులో తెచ్చే మార్పు కోటిలో రెండు వంతులకు మించదు. రెండు కిలోల రోకలికి అది అర మిల్లీగ్రాము కూడా కాదు. ఒక్క బియ్యపు గింజ ఇరవై మిల్లీగ్రాముల దాకా తూగుతుంది. పైగా సూర్యచంద్రులు ఇంచుమించు ఒకే వరుసలోకి రావడం ప్రతి అమావాస్యకూ జరిగేదే. మరి ప్రతి అమావాస్యకూ రోకళ్ళు నిలబడాలి కదా! అసలు బరువు సగానికి సగం తగ్గినా పైన చెప్పిన మూడు డిగ్రీల లెక్క మారదు. నిలబడడం ఆకారానికి సంబంధించిన విషయం, బరువుకు సంబంధించింది కాదు. గ్రహణం విడవగానే రోకలి తనంతట తనే పడిపోతుందంటారు. ఎవరూ ముట్టకుండా, తలుపు గాలి తగలకుండా వదిలేయండి, రాత్రంతా నిలబడే ఉంటుంది.

రోకలి నిలబడితే ఎవరికేం నష్టం, దీనికింత రాద్ధాంతం ఎందుకు అనవచ్చు. రోకలి దగ్గరే ఆగిపోతే నేనూ ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఆ వీడియో ఆ ఇంట్లో ఒక పని చేస్తుంది. "చూశావా, గ్రహణానికి శక్తి ఉంది" అన్న మాటకు సాక్ష్యం అవుతుంది. ఆ సాక్ష్యం పట్టుకుని పక్క గదిలోకి వెళతారు. అక్కడ కడుపుతో ఉన్న కోడలు కిటికీలు మూసిన చీకట్లో వెల్లకిలా పడుకుని ఉంటుంది. పక్కకు ఒత్తిగిల్లకూడదు. గోక్కోకూడదు. కత్తిపీట, సూది, కత్తెర ముట్టకూడదు. అన్నం సరే, మంచినీళ్ళు కూడా తాగకూడదు. గ్రహణానికి చాలా గంటల ముందు నుంచే కట్టుబాట్లు మొదలవుతాయి. అన్నిటి వెనకా ఉన్న భయం ఒకటే, బిడ్డ గ్రహణం మొర్రితో పుడుతుందని.

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం. కడుపులో బిడ్డ పెదవి రూపుదిద్దుకునేది సుమారు నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. ముఖానికి రెండు వైపుల నుంచి పెరిగే కణజాలం మధ్యలో కలుసుకుంటుంది. అంగిలి కలుసుకునేది ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. కలుసుకోవలసిన సమయంలో కలవకపోతే మొర్రి మిగులుతుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకు నెల తప్పిన సంగతి కూడా రూఢిగా తెలియదు. ఏడో నెల నిండిన అమ్మాయిని గదిలో పెట్టి తలుపు వేసేనాటికి ఆ బిడ్డ పెదవులు కలిసిపోయి నాలుగు నెలలు దాటి ఉంటుంది. కలిసిపోయిన పెదవిని ఏ నీడా చీల్చలేదు. మొర్రికి జన్యువుల పాత్ర ఉంది. తల్లి పొగ తాగడం, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు ఏడు వందల జననాల్లో ఒకటి మొర్రితో జరుగుతోంది. గ్రహణం పేరు కూడా ఎత్తని దేశాల్లోనూ జరుగుతోంది.

ఇంకో సంగతి. ఏడాదికి భూమి మీద తక్కువలో తక్కువ నాలుగు గ్రహణాలు వస్తాయి, ఒక్కోసారి ఏడు దాకా వస్తాయి. గ్రహణాల కాలం ఆరు నెలలకోసారి తిరిగి వస్తుంది కాబట్టి, తొమ్మిది నెలల గర్భంలో ఎక్కడో ఒకచోట గ్రహణం పట్టక తప్పదు. అంటే భూమి మీద పుట్టిన ప్రతి బిడ్డా తల్లి కడుపులో ఉండగా గ్రహణం దాటి వచ్చిందే. మొర్రితో బిడ్డ పుట్టాక పంచాంగం తిరగేస్తే ఏదో ఒక గ్రహణం దొరకడంలో వింతేముంది?

అలా దొరికిన రోజు తల్లి మెడకు చుట్టుకుంటుంది. "ఆ రోజు కత్తిపీట ముందు కూర్చున్నావేమోనే? బయటికెళ్ళావేమో గుర్తు తెచ్చుకో" అని అత్త అడుగుతుంది, ఆడపడుచు అడుగుతుంది, ఒక్కోసారి కన్నతల్లే అడుగుతుంది. పాలు పీల్చలేక ఏడుస్తున్న పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని, అప్పుడే పురిటి మంచం దిగిన మనిషి తను చేయని నేరానికి సంజాయిషీ చెప్పుకోవాలి. కొందరు చెప్పుకోలేక, నిజంగా నావల్లే అయిందని నమ్మేస్తారు. గ్రహణాల మీద నమ్మకాలన్నిట్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. నమ్మకం తప్పని తేలినా ఆ తల్లి మోసిన నిందను ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఆ బిడ్డకు కావలసింది వైద్యం. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. అంతవరకు పాలు పట్టే పద్ధతి డాక్టర్లు, నర్సులు నేర్పిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా చికిత్స అందించే లోపాల జాబితాలో మొర్రి కూడా ఉంది. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే దారి చూపిస్తారు. శాంతి పూజలకు తిరిగే రోజుల్లో ఒక్కటి ఇందుకు కేటాయిస్తే చాలు.

గర్భిణికి మంచినీళ్ళు ఇవ్వకపోవడం వల్ల జరిగే కీడు మాత్రం ఊహాజనితం కాదు. నీరసం, కళ్ళు తిరగడం వస్తాయి. మధుమేహం ఉన్నవాళ్ళకు గంటల తరబడి పస్తు ఇంకా ప్రమాదం. నొప్పులు మొదలైనా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా "గ్రహణం విడిచాక వెళ్దాంలే" అనడం ప్రాణాల మీదికి తెస్తుంది.

గ్రహణమంటే నీడ. చంద్రగ్రహణంలో చంద్రుడి మీద పడేది భూమి నీడ. ప్రతి రాత్రీ మనం ఉండేది కూడా అదే భూమి నీడలో. ఆ నీడలోనే రోజూ అన్నం తింటున్నాం, పిల్లలకు పాలు పడుతున్నాం, గర్భిణులు ఆ నీడలోనే నిద్రపోతున్నారు. రోజూ చేయని హాని ఆ నీడ చంద్రుడి మీద పడ్డప్పుడు మాత్రం ఎలా చేస్తుంది?

ఈ సంగతి మనకు కొత్తది కాదు. 499లో ఆర్యభటుడు గ్రహణాలను నీడల లెక్కగానే వివరించాడు. జ్యోతిషానికి పెద్దదిక్కుగా చెప్పుకునే వరాహమిహిరుడు కూడా చంద్రగ్రహణమంటే చంద్రుడు భూమి నీడలో ప్రవేశించడమేనని రాశాడు. నేటి పంచాంగకర్త గ్రహణ సమయం గుణించేటప్పుడు రాహుకేతువులంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులే. పాము మింగడం ఆ గణితంలో ఎక్కడా లేదు. గంట, నిమిషం తప్పకుండా ముందే చెప్పగలిగేది నీడల లెక్క కాబట్టే.

గ్రహణం వేళ గుడి తలుపులు మూసే విషయంలో కూడా అందరిదీ ఒకే మాట కాదు. 2022 అక్టోబరు 25న సూర్యగ్రహణానికి తిరుమల ఆలయాన్ని ఉదయం నుంచి రాత్రి దాకా మూశారు. సాయంత్రం సూర్యుడు అస్తమించే లోపు మన ప్రాంతంలో అది కనిపించింది గంటలోపే. తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపున ఉన్న శ్రీకాళహస్తిలో మాత్రం గ్రహణ సమయంలోనూ గుడి తెరిచి పూజలు చేస్తారు. ఒకే నీడ ఒక గుడికి మైల, ఇంకో గుడికి విశేషం. ఆచారం మనుషులు పెట్టుకున్నదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన నేల మీద గ్రహణాలను చూసిన తీరు ఇంకొకటి ఉంది, అది ఇళ్ళలో చెప్పుకోము. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మచిలీపట్నంలో మరో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ దాన్ని చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఒక బృందంతో వనపర్తి వెళ్ళాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు జ్వాలల వెలుగును వర్ణపటంగా విడదీసినప్పుడు కనిపించిన పసుపుపచ్చ గీతే హీలియం అనే మూలకం దాకా దారి తీసింది. భూమి మీద హీలియం దొరికింది 1895లో. 1980 ఫిబ్రవరి 16న మళ్ళీ సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దాన్ని అధ్యయనం చేసింది. గుంటూరులో పుట్టి పెరిగిన పిల్లలకు గ్రహణం అనగానే తినే పదార్థాల మీద వేసే గరికపోచలే గుర్తొచ్చి, ఈ చరిత్ర తెలియకపోవడం పెద్దవాళ్ళుగా మన లోపం.

తెలియకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2018 జనవరి 31న చంద్రగ్రహణం. మరునాడు హైదరాబాదు చిలుకానగర్‌లో ఒక ఇంటి డాబా మీద పసికందు తల దొరికింది. గ్రహణం రాత్రి చేసిన క్షుద్రపూజ కోసమే ఆ హత్య అని పోలీసులు అప్పట్లో ప్రకటించారు. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణం నాడు కలబురగి దగ్గర తాజ్‌సుల్తాన్‌పూర్‌లో వైకల్యం నయమవుతుందని పిల్లలను మెడ దాకా మట్టిలో పాతిపెట్టారు. రోకలి నిలబెట్టే ఇల్లాలికీ ఈ ఘోరాలకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే గ్రహణానికి శక్తి ఉందన్న మాటను ప్రతిసారీ కొత్త సాక్ష్యంతో బతికిస్తున్న ఛానెళ్ళకు బాధ్యత ఉంది. రోకలి వార్త వేసిన ఛానెల్ వారం తర్వాత అదే ఇంటికి వెళ్ళి, అదే రోకలిని మళ్ళీ నిలబెట్టమని అడిగి, దాన్నీ చూపించాలి. రాజ్యాంగంలోని 51ఏ అధికరణం వైజ్ఞానిక దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటోంది. విలేకరులూ పౌరులే.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజమైనది, దాన్ని మూఢనమ్మకాలతో కలిపి పారేయకూడదు. సూర్యగ్రహణాన్ని నేరుగా కంటితో చూడకూడదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు ముక్కలు కంటిని కాపాడవు. గ్రహణం చూడటానికే తయారైన ప్రామాణికమైన కళ్ళద్దాలు వాడాలి. అవి లేకపోతే బూందీ గరిటె చాలు. ఎండకు ఎదురుగా పట్టుకుని దాని నీడను గోడ మీద పడనివ్వండి, ఒక్కో చిల్లుకు ఒక్కో చిన్న సూర్యుడు కొరికినట్టు కనిపిస్తాడు. పిల్లలు కేరింతలు కొడతారు.

నాస్తికోద్యమ నాయకురాలు సరస్వతీ గోరా గర్భిణిగా ఉన్నప్పుడు కట్టుబాటును కాదని గ్రహణం వేళ బయటికి వచ్చారు, ఆమెకు ఆరోగ్యవంతమైన బిడ్డే పుట్టింది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఎన్నో ఏళ్ళుగా గ్రహణ సమయంలో జనం మధ్య తిని చూపిస్తున్నారు. వీధిలో జరిగే ఆ పని ఇంట్లో ఇంకా మొదలు కావాలి, దానికి అత్తగార్లు, అమ్మమ్మలే ముందుకు రావాలి. కోడలు తనకు తానుగా నీళ్ళు తాగితే ధిక్కారం అంటారు. అత్త స్వయంగా గ్లాసు అందిస్తే ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం ఉంది, మన దేశంలో పలు ప్రాంతాల్లో పాక్షికంగా కనిపిస్తుంది. అంతకు ముందు ఏదో ఒక మామూలు రోజు మీ ఇంట్లో రోకలి నిలబెట్టి, వీడియో తీసి, తేదీ చెప్పి బంధువుల గ్రూపులో పెట్టండి. గ్రహణం నాడు మీ ఇంట్లో గర్భిణి ఉంటే వేళకు అన్నం పెట్టండి, అడిగినప్పుడల్లా మంచినీళ్ళివ్వండి, ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా గ్రహణం విడిచేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.