ఇల్లు కొద్దీ చల్లదనం

పిల్లలూ! బండి రోడ్డు మీద పోవటం మీరు రోజూ చూస్తారు. ఇల్లు రోడ్డు మీద పోవటం ఎప్పుడైనా చూశారా? అమెరికాలో చూడవచ్చు. అక్కడ కొన్ని ఇళ్లను కార్ఖానాలోనే కడతారు. ఇనుప చట్రం మీద గోడలు, కప్పు, తలుపులు, కిటికీలు అన్నీ బిగించి, చక్రాలు తగిలించి, లారీకి కట్టి లాక్కుపోతారు. పెద్ద ఇల్లయితే రెండు సగాలుగా తీసుకుపోయి, స్థలంలో పక్కపక్కన చేర్చి ఒకటి చేస్తారు. ఖర్చు తక్కువ గనక, కొద్ది సంపాదన గలవారూ ముసలివారూ చాలామంది ఇట్లాంటి ఇళ్లలో ఉంటారు.

ఈ ఇళ్లకు వేసవి పెద్ద పరీక్ష. 1976 జూన్‌లో ఇవి ఎట్లా కట్టాలో అక్కడి ప్రభుత్వం నిబంధనలు అమలులోకి తెచ్చింది. అంతకు ముందు కట్టినవాటిలో చాలావాటికి గోడలు పలచన. గోడల నడుమ వేడిని ఆపే గాజుదూది తక్కువ. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్సు నగరంలో 2023 జూన్ 30 నుంచి జులై 30 దాకా, వరసగా 31 రోజులు, పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గలేదు. సెంటిగ్రేడులో అది 43 డిగ్రీల పైమాటే. ఆ ప్రాంతంలో ఇంట్లో ఉండి కూడా వేడికి తట్టుకోలేక చనిపోయినవారిలో, ఇట్లాంటి ఇళ్లవారు వారి జనాభాకు మించి ఉంటున్నారు. అందుచేత అక్కడ చల్లని యంత్రం వేడుక వస్తువు కాదు, ప్రాణం నిలిపే వస్తువు.

“మరయితే, ఎంత పెద్ద యంత్రం కొంటే అంత మంచిది కదా, మాస్టారూ?” అంటారు మీరు. కాస్త ఆగండి. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒక తండ్రి, “ఎదిగే కాళ్లు కదా!” అని కొడుక్కి రెండు అంగుళాలు పెద్ద బూట్లు కొన్నాడు. పరుగుపందెంలో ఆ పిల్లవాడు పది అడుగులు వేయకుండానే బోర్లాపడ్డాడు. చిన్న చెప్పు కరుస్తుంది, పెద్ద చెప్పు పడదోస్తుంది. చల్లని యంత్రం సంగతీ ఇంతే.

ముందు దాని కొలత తెలుసుకుందాము. దుకాణంలో “ఒక టన్ను, ఒకటిన్నర టన్ను” అనటం మీరు వినే ఉంటారు. అది యంత్రపు బరువు కాదు! ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని బయటికి తోసే శక్తి అన్నమాట. పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడెక్కించే వేడిని ఒక బి.టి.యు. అంటారు. పౌను మంచు కరగటానికి 144 కావాలి. అమెరికా టన్నుకు 2,000 పౌన్లు. 2,000ను 144తో హెచ్చవేసి 24తో భాగించండి. 12,000 వచ్చిందా? ఒక టన్ను యంత్రం గంటకు తోసేది అంత.

ఇప్పుడు హ్యూస్టన్ నగరానికి పోదాము. మన తెలుగువారు ఎందరో ఉన్న ఊరు. సముద్రం దగ్గర గనక మన కాకినాడలాగే ఉక్కపోత. అక్కడ ఒకే రకం ఇళ్లలో ముగ్గురు ఉన్నారనుకోండి. ఆ ఇంటికి తగినది రెండు టన్నుల యంత్రం. మొదటివాడు డబ్బుకు వెనుకాడి ఒక టన్నుది కొన్నాడు. అది రాత్రింబగళ్లు తిరిగినా మధ్యాహ్నానికి ఇల్లు కుంపటే. రెండోవాడు భయపడి నాలుగు టన్నులది కొన్నాడు. అది కొద్ది నిమిషాల్లో గాలిని చల్లబరచి ఆగిపోతుంది. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. చల్లగానే ఉన్నది గాని ఒళ్లు జిడ్డు, పక్కబట్టలు తడి!

ఎందుచేత? మంచునీళ్ల గ్లాసుకు బయట చెమ్మ పట్టటం మీకు తెలుసు. యంత్రంలోని చల్లని గొట్టాల మీద కూడా గాలిలోని తేమ అట్లాగే నీరై కారిపోతుంది. దానికి కొంత సేపు కావాలి. వెంటవెంటనే ఆగిపోయే యంత్రానికి ఆ వ్యవధి ఏదీ? పైగా మాటిమాటికీ మొదలయ్యే యంత్రం త్వరగా అరుగుతుంది. అసలు 1902లో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు ఇట్లాంటి యంత్రాన్ని రూపొందించింది మనుషుల కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో తేమకు కాగితం సాగి రంగులు కుదరకపోతే, ఆ తేమను అదుపు చేయటానికి!

మూడోవాడు ముందు ఇంటిని కొలిపించాడు. నేల వైశాల్యం ఒక్కటే చాలదు. కిటికీలు ఎన్ని, పడమటి ఎండ ఎంత పడుతుంది, గాజుదూది ఎంత మందం, మనుషులు ఎందరు, అన్నీ లెక్కలోకి రావాలి. 1976 తరవాతి ఇళ్లలో అలమర తలుపు లోపలో, కరెంటు పెట్టె దగ్గరో ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ ప్రాంతపు వాతావరణానికి తగినట్టు ఆ ఇల్లు కట్టారో అది చెబుతుంది. చల్లగాలి పోయే గొట్టాలు చాలా ఇళ్లలో నేల కిందనే ఉంటాయి. రెండు సగాలను కలిపే గొట్టం చిరిగితే, చల్లదనమంతా ఇంటి కింది మట్టి పాలు! గొట్టం సన్ననైతే పెద్ద యంత్రపు గాలి అందులో పట్టదు. అతను ముందు గొట్టం బాగుచేయించి, పడమటి కిటికీకి నీడ కట్టి, ఆ తరవాతనే రెండు టన్నులది కొన్నాడు. ఇల్లూ చల్లన, ఒళ్లూ పొడి, కరెంటు ఖర్చూ తక్కువ.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఇల్లు కొద్దీ యంత్రం. యంత్రాన్ని పెద్దది చేయబోయే ముందు, లోపలికి వచ్చే వేడిని చిన్నది చేయండి. తల్లిదండ్రులకు కూడా నా మాట ఇదే.

ఇక మీకు రెండు పనులు. ఒకటిన్నర టన్ను యంత్రం గంటకు ఎన్ని బి.టి.యు.ల వేడిని తోస్తుంది? మీ ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలకు ఏ కిటికీలోంచి ఎండ పడుతున్నది? మొదటిది పలక మీద చేయండి. రెండోది చూసి, ఆ కిటికీకి ఒక తెర కట్టండి. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము.