చూడటమా, తరమడమా?

1852లో విశాఖపట్నం రేవులో ఒక వింత జలచరం దొరికింది. ముక్కు పొడుచుకురాని గుండ్రటి తల, వీపు మీద చిన్న రెక్క. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియట్ అనే ఆంగ్లేయ అధికారి సేకరించిన మన తీరపు సముద్రజీవులను పరిశీలించి, 1866లో రిచర్డ్ ఓవెన్ ఒక వ్యాసం వెలువరించాడు. 'డైనోసార్' అన్న మాటను పుట్టించిన ఓవెన్ ఈయనే. ఆ వ్యాసంలోనే ఈ జలచరానికి 'పొట్టి ముక్కుది' అని అర్థమిచ్చే లాటిన్ పేరు పెట్టాడు. తరువాతి కాలంలో బర్మాలోని ఇరావతీ నదిలో ఉన్న దీని బంధువులకే ప్రసిద్ధి దక్కి, లోకమంతా దీనిని ఇరావతీ డాల్ఫిన్ అనడం మొదలుపెట్టింది. శాస్త్రానికి మొదట పరిచయమైనది మన విశాఖలో. పేరు మాత్రం ఇరావతిది!

ఆ డాల్ఫిన్‌ను చూడాలంటే ఇవాళ మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది పోయేది ఒరిస్సాలోని చిలికా సరస్సుకు. పూరీ వెళ్ళినవారికి ఇది అలవాటైన కార్యక్రమమే. ఉదయం జగన్నాథుని దర్శనం, మధ్యాహ్నం సాతపడా రేవులో పడవెక్కి డాల్ఫిన్ దర్శనం. ఈ రెండో 'దర్శనం' జరుగుతున్న తీరు గురించే ఈ నాలుగు మాటలూ.

ముందు ఆ ప్రాణి స్వభావం కొంచెం తెలియాలి. టీవీలలో, సినిమాలలో మనం చూసే డాల్ఫిన్లు నీళ్ళలోనుంచి బాణంలా ఎగసి, గాలిలో పల్టీకొట్టి పడతాయి. ఇరావతీ డాల్ఫిన్‌కు ఆ సరదాలు తక్కువ. అది బిడియస్తురాలు. నెమ్మదిగా పైకి వచ్చి, వీపు కొద్దిగా చూపించి, ఒక్క ఊపిరి తీసుకొని, మళ్ళీ నిశ్శబ్దంగా మునిగిపోతుంది. ఆ ఒక్క ఊపిరి చప్పుడు వినడమే అసలైన అనుభవం. అయితే పడవ ఇంజను మోతలో వినబడనిది కూడా సరిగ్గా ఆ చప్పుడే.

ఇప్పుడు రేవులో జరిగేది చూడండి. పడవ ఎక్కేముందు ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటే: "డాల్ఫిన్ గ్యారంటీగా కనిపిస్తుందా?" పడవవాడు ఏమంటాడు? కనిపిస్తుందనే అంటాడు. కాదంటే మనం పక్క పడవ ఎక్కుతాం. మాట ఇచ్చాడు గనక ఇక చూపించి తీరాలి. ఎక్కడో ఒక వీపు నీళ్ళమీద మెరుస్తుంది. వెంటనే ఇంజను గర్జిస్తుంది. అది మునిగి ఇంకోచోట తేలుతుంది. పడవ అటు తిరుగుతుంది. ఆ సందడి చూసి చుట్టుపక్కల పడవలు కూడా వచ్చి చేరతాయి. పడవలోని పెద్దమనుషులు లేచి నిలబడి "అదిగో, అటు పోనీ!" అని కేకలు. దీనిని చూడటం అనవచ్చునా? నా దృష్టిలో ఇది వేట. చేతిలో బల్లెం బదులు కెమెరా ఉన్నది, అంతే తేడా.

ఇందులో నష్టమేమిటని అడగవచ్చు. డాల్ఫిన్‌కు కన్నుకన్నా చెవి ముఖ్యం. తాను చేసిన శబ్దం దేనికో తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి అది దారినీ చేపనూ గుర్తిస్తుంది. నీటిలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. ఆ బురదనీటిలో నాలుగు ఇంజన్లు ఒక్కసారి మోగాయంటే, మన కళ్ళకు గంతలు కట్టి సంతలో వదిలినట్టే. పైగా అది మనవలె ఊపిరి కోసం పైకి రాక తప్పని ప్రాణి. వచ్చిన చోటనల్లా పడవ ఎదురైతే, ఊపిరికే వెరపు. పంకా రెక్క తగిలితే గాయం. చిలికాలో వీటి సంఖ్య నూటయాభై ప్రాంతం. లక్షల్లో ఉన్నవాటిలో ఒకటి పోవడం వేరు, నూటయాభైలో ఒకటి పోవడం వేరు. 2017 నుంచి అంతర్జాతీయ జాబితాలో ఈ జాతి అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి సరసన చేరింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ డాల్ఫిన్లకు అన్నిచోట్లా పెద్ద గండం పర్యాటకుల పడవలు కావు, చేపల వలలు. కానీ వల వెనుక ఒక కుటుంబం ఆకలి ఉన్నది. మన పడవ వెనుక ఉన్నది ఒక సెలవుదినం మాత్రమే. ఆకలిని సర్దుకొమ్మనడానికి ముందు సరదాను సర్దుకొమ్మనడం ధర్మం కాదా?

పక్షుల సంగతీ ఇంతే. శీతాకాలంలో చిలికాకు వచ్చే పక్షులు ఇటీవలి గణనలలో పది లక్షలు దాటుతున్నాయి. ఇందులో గోధుమతల సముద్రపు గువ్వలు టిబెట్ పీఠభూమిలోని సరస్సుల దగ్గర గుడ్లుపెట్టి, హిమాలయాలు దాటి వస్తాయి. అంతదూరం వచ్చిన అతిథికి మనం పడవలోనుంచి విసిరే విందు ఏమిటి? కారప్పూస, చిప్స్! గుంపుగా ఎగిరి అందుకొంటుంటే ఫొటో బాగుంటుంది గదా. మన పులికాట్‌లోనైతే బురదలో తలవంచి మేత మేస్తున్న ఫ్లెమింగోలను చప్పట్లు కొట్టి లేపేవారున్నారు, ఎర్రని రెక్కలు విప్పితే చూడాలని. మేసి కూడబెట్టుకొన్న బలమే వాటికి తిరుగు ప్రయాణపు దారిబత్తెం. ఒక్కొక్కసారి లేపినప్పుడల్లా ఆ మూటలోనుంచి పిడికెడు మనం కాజేస్తున్నామన్నమాట.

మరి వేరే దారి లేదా? ఉన్నది, అదే చిలికాలో ఉన్నది. సరస్సు ఉత్తరపు అంచున మంగళాజోడి అనే ఊరు. పక్షులను వేటాడి అమ్మే ఊరని ఒకప్పుడు దానికి పేరు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల నుంచి ఆ వేటగాళ్ళలో చాలామంది పక్షులకు కావలివాళ్ళై, వచ్చినవారికి వాటిని చూపిస్తూ బతుకుతున్నారు. అక్కడి పడవలకు ఇంజను లేదు, గడకర్రతో నెడతారు. తుంగ మధ్యలోని సన్నని నీటిదారుల్లో పడవ చప్పుడు లేకుండా జారిపోతుంటే, పక్షులు తమ పని తాము చేసుకొంటూనే ఉంటాయి, ఎంతో దగ్గరగా. తరిమినచోట దూరమైనది, ఊరుకొన్నచోట దగ్గరకు వస్తున్నది. ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

బర్మాలోని ఇరావతిలో ఇంకా విచిత్రం. అక్కడ విసురువల వేసే జాలరులు పడవ అంచు మీద కర్రతో తట్టి డాల్ఫిన్లను పిలుస్తారు. అవి చేపలను వల వైపు తోలుకొని వస్తాయి. చెదిరిన చేపలు వాటికి, చిక్కినవి వీరికి. అక్కడ మనిషి పిలిచి ఎదురుచూస్తాడు. రావడం, రాకపోవడం దాని ఇష్టం.

"ఎంతో డబ్బు పెట్టి, ఇంతదూరం వచ్చి, ఏమీ చూడకుండా పోవాలా?" అనేవారున్నారు. వారి బాధ అర్థం చేసుకోదగినదే. సంవత్సరానికి ఒక్క యాత్ర చేసే సంసారికి ఆ కోరిక ఉండటం నేరం కాదు. "పడవవాళ్ళ పొట్ట కొట్టమంటారా?" అనేవారికి కూడా నా సమాధానం ఉన్నది. పోవద్దని నేను అనడం లేదు. పోవాలి, మనం పోతేనే బతికి ఉన్న డాల్ఫిన్‌కు ఆ ఊళ్ళో విలువ. కాని మనం డబ్బు ఇస్తున్నది దేనికో ముందు తేల్చుకోవాలి. డాల్ఫిన్ కనబడినందుకా, సరస్సు మీద మూడు గంటలు గడిపినందుకా? మొదటిదానికైతే తరమక తప్పదు. రెండవదానికైతే తరమవలసిన పని లేదు.

తిరుమలలో గంటల తరబడి నిలబడి, రెప్పపాటు దర్శనం చేసుకొని, తృప్తిగా తిరిగివచ్చే జాతి మనది. స్వామిని బయటికి పిలవమని, ఇటు తిరగమని అడగం. దర్శనం అయ్యేదే కాని లాక్కొనేది కాదని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ ఓర్పు గుడి మెట్లు దిగి రేవు మెట్లు ఎక్కేసరికి ఎక్కడికి పోతున్నది?

కాబట్టి నా సూచన చిన్నది. పడవ కదలకముందే మనమే చెబుదాం. బరంపురం వైపు రేవులలోనైతే తెలుగు కూడా చెల్లుతుంది. "భాయీ, దగ్గరికి పోనక్కరలేదు. దూరంగా ఇంజను ఆపి నిలబెట్టు. పిల్ల ఉన్న గుంపు కనబడితే వదిలేయి. ఏమీ కనబడకపోయినా నీ డబ్బులు నీకు పూర్తిగా ఇస్తాం." చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. అది లేకుండా మిగిలినవన్నీ ఉపన్యాసాలే. పడవవాడి భయం తీరితే ఇంజను దానంతటదే ఆగుతుంది.

ఇంజను ఆగినప్పుడు చుట్టూ ఏముంటుంది? నీటి మీద గాలి, వలకట్టెల మీద రెక్కలారబెట్టుకొంటున్న నీటికాకులు, అదృష్టం ఉంటే ఎక్కడో ఒక ఊపిరి. లేకుంటే లేదు. మిత్రులలో ఆ ప్రాంతాలకు వెళ్ళివచ్చినవారు, వెళ్ళబోయేవారు మీ ఆలోచన కూడా చెప్పండి. విభేదించేవారి మాట వినడం నాకు మరీ ఇష్టం.