చప్పట్లు కొట్టి వచ్చేశాం

మొన్న సంక్రాంతి సెలవుల్లో నాగార్జునసాగర్ వెళ్ళాం. మా ఆడపడుచు, ఆమె పిల్లలు, నేను, రెండు డబ్బాల పులిహోర. డ్యామ్ చూడటం అయ్యాక జీపు అబ్బాయి మమ్మల్ని అనుపుకి తీసుకెళ్ళాడు. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో చతురస్రంలా నేల. "ఈడ నిలబడి చప్పట్లు కొట్టండి మేడమ్, పై మెట్టుదాకా ఇనబడ్తది" అన్నాడు. కొట్టాం. వినబడింది. పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. "అయిపోయిందా వదినా, ఇగ పోదామా?" అంది మా ఆడపడుచు. పోయాం. పది నిమిషాలు కూడా పట్టలేదు.

కిందటేడు మా అక్క కొడుకు మిలాన్ వెళ్ళి, అక్కడి లా స్కాలా నాటకశాల ముందు నిలబడి ఫోటో పంపితే, వారం రోజులపాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించాం. 1778లో తెరిచిన ఆ నాటకశాల ముందు మురిసిపోయినవాళ్ళం, పదహారు, పదిహేడు వందల ఏళ్ళనాటి మన రంగశాలకి పది నిమిషాలు ఇవ్వలేకపోయాం. ఇదేం న్యాయమండీ?

పొరపాటు పడకండి. లా స్కాలా గొప్పది కాదని నేననను. అంతకు ముందున్న నాటకశాల 1776లో తగలబడిపోతే, మహారాణి మరియా థెరీసా ఆజ్ఞ మీద పియర్మరీని అనే వాస్తుశిల్పి దీన్ని కట్టాడు. అక్కడ అంతకు ముందు ఒక చర్చి ఉండేది. దాని పేరే దీనికొచ్చింది. గుర్రపునాడాలాంటి లోపలి ఆకారం, చుట్టూ నాలుగు వరసల్లో చిన్న చిన్న గదులు, వాటిపైన రెండు గ్యాలరీలు. డబ్బు పెట్టింది ఊళ్ళోని ధనవంతులు. పెట్టిన డబ్బుకి ఎవరి గది వాళ్ళది. ఆ గదుల్లో భోజనాలు, కబుర్లు. హాలు బయట జూదం! పాట మీద ప్రాణం పెట్టేవాళ్ళు మాత్రం పైన గ్యాలరీలో.

మనదాని సంగతి చూడండి. ఇక్ష్వాకుల విజయపురి, క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలు. ఇటుకతో మెట్లు కట్టి, పైన రాతిపలకలు పరిచారు. ఎవరికీ తెర కట్టిన గది లేదు. ఎక్కడ కూర్చున్నా మధ్య నేల కనిపిస్తుంది, అక్కడి మాట వినిపిస్తుంది. పక్క కొండ మీద హారీతి గుడి. ఇక్కడ ఆటలు, పాటలు, మల్లయుద్ధాలు జరిగి ఉంటాయని పండితులంటారు. ఆ లోయలోనే రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అంటే ఇటలీకీ మనకీ రాకపోకలు నిన్నమొన్నటివి కావన్నమాట.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ లోయలో మహాచైత్యాన్ని నిలబెట్టింది రాజుగారి తోబుట్టువు చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక చెరువు తవ్వించింది, మండపాలు కట్టించింది. శాసనాల్లో ఆడవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. ఇవాళ మన ఊరి శిలాఫలకాల మీద ఎవరెవరి పేర్లుంటాయో మీకు తెలియదా?

1955 డిసెంబరు 10న సాగర్‌కి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపుకీ చేర్చి మళ్ళీ కట్టారు. నీళ్ళు వద్దని నేననను. ఆ నీళ్ళే మిర్యాలగూడ పొలాలకు ప్రాణం పోశాయి. మనం తిన్న అన్నం అదే. కట్టడాలను అంత కష్టపడి కాపాడినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

కానీ కాపాడింది దేనికి? 1943 ఆగస్టులో బాంబులు పడి లా స్కాలా కూలిపోయింది. యుద్ధం ముగిసి ఏడాది అయిందో లేదో, 1946 మే 11న మళ్ళీ తెరిచారు. ఫాసిస్టులను కాదని దేశం విడిచిన టాస్కనీని తిరిగొచ్చి సంగీతం నడిపించాడు. ఊరంతా శిథిలాలు, తిండికి కటకట. అయినా "ముందు కడుపు, తర్వాత పాట" అని ఊరుకోలేదు వాళ్ళు.

మనకి మాత్రం ఆ మాట నోట్లోనే ఉంటుంది. మా ఊళ్ళో ఒక హాలుంది. నాటకం వేస్తామని అడిగితే ఆ రోజు పెళ్ళి బుక్కయిందంటారు. ఎప్పుడైనా ఖాళీ దొరికి నాటకం వేశారనుకోండి, ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం. తొమ్మిది దాటితే బస్సు లేదు. ఆ తర్వాత "ఆడవాళ్ళకి సీరియళ్ళు చాలు, నాటకాలు ఎవరు చూస్తారు?" అని మనమీదే నింద! నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో చిరుతల రామాయణం ఆడితే, చంటిపిల్లల తల్లులు కూడా చాపలు పరుచుకుని తెల్లవారిందాకా చూసేవారు. ఎందుకని? నాటకం వాళ్ళ గడపకే వచ్చింది కనుక. ఆడదానికి చూడాలని లేక కాదండీ, కూర్చోడానికి చోటు లేక.

"ఫోనులో అన్నీ వస్తున్నాయి కదా" అంటారు. వస్తున్నాయి. ఒక్కదాన్నీ ఓ మూల కూర్చుని నవ్వుకోవడం వేరు, వందమందితో కలిసి నవ్వడం వేరు. 1885లో మొదలైన సురభి వాళ్ళు ఆడవేషాలను ఆడవాళ్ళ చేతే వేయించి, తరాలపాటు ఊరూరా తిరిగింది ఆ నవ్వు కోసమే.

"ఏసీ హాలు కట్టాలంటే కోట్లు కావాలి" అంటారు. ఏసీ ఎవరడిగారు? ఇక్ష్వాకులకి ఏసీ ఉందా? నల్లగొండలో పానగల్లు చెరువు దాపున, పాలమూరులో పిల్లలమర్రి దాపున, మెట్లు కట్టిన ఓ ఆరుబయలు రంగశాల, ఆడవాళ్ళకు తాళం వేయని మరుగుదొడ్డి, ఆట అయ్యాక ఇళ్ళకు చేర్చే ఒక్క బస్సు. ఇదీ నా కోరిక. పాత కట్టడాన్ని అరగదీయమని కాదు; దాన్ని చూసి కొత్తది కట్టుకోమని. ఈసారి ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని చీరలూ కుక్కర్లూ కాదు, ఇది అడుగుదాం.

అనుపులో మేం కొట్టిన చప్పట్లు పై మెట్టుదాకా వినిపించాయి. మధ్యలో ఆడేవాళ్ళే లేరు. మరి ఎవరికి కొట్టినట్టు?